మా తమ్ముడు వాడబెట్టలేని తోట

మా మేక ఒకటి ప్రొద్దుటూరు పొలిమేరలోని ఒక నర్సరీలో దూరి, వరసగా పేర్చిన నిమ్మ మొక్కల చివుళ్లన్నీ కొరికి పెట్టడంతో నా ఉద్యోగ జీవితం మొదలైంది. ఈ మాట నా రిటైర్మెంట్ సభలో చెబితే అందరూ నవ్వారు. వేదిక మీద ఉన్నవాళ్లు హాస్యానికి అన్నాననుకున్నారు. అది జరిగిన సంగతే.

మాది వీరపునాయునిపల్లె దగ్గర ఒక పల్లె. గొర్రెలు, మేకలు పెంచుకునే ఇల్లు. ఎండాకాలం వచ్చిందంటే మా నాయన మందను తోలుకుని నీళ్లున్న చోటు వెతుక్కుంటూ పెన్న వైపు పోయేవాడు. ఆ ఏడు నేను పదో తరగతి పరీక్ష రాసి ఖాళీగా ఉన్నానని నన్నూ వెంట తీసుకుపోయాడు. మేక నర్సరీలో దూరినప్పుడు దాన్ని చూడాల్సింది నేనే. నేను చింతచెట్టు నీడన పడుకుని ఉన్నాను.

నర్సరీ యజమాని మేకను తాడుతో పట్టుకుని మా నాయన దగ్గరికి వచ్చాడు. ఆయన ముఖంలో కోపం కన్నా దిగులే ఎక్కువగా ఉంది.

"మామా, నీ మేక చేసిన పనికి నీ కొడుకు నాలుగు దినాలు సంచులకు మన్ను నింపిపోవల్ల."

మా నాయన నా వైపు చూసి, "నాలుగేందప్పా, ఎన్ని దినాలైనా పెట్టుకో. ఆ మేక కంటే వీడే శానా తింటాడు" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా నేను అక్కడే ఉండిపోయాను. మన్ను నింపడం రెండు రోజుల్లోనే విసుగు పుట్టించింది గానీ అంటు కట్టడం చూశాక నర్సరీ వదలబుద్ధి కాలేదు. నాటు నిమ్మ మొక్క బెరడును చాకుతో కొద్దిగా చీల్చి, మంచి చీనీ చెట్టు నుంచి తెచ్చిన చిగురు కన్నును అందులో దూర్చి, గాలి చొరబడకుండా కట్టు కడతారు. కోస్తా వాళ్లు బత్తాయి అంటారే, దాన్నే మేం చీనీ అంటాం. కట్టు విప్పిన రోజున కన్ను పచ్చగా ఉంటే అంటు పట్టినట్టు, నల్లబడితే పోయినట్టు. ఏ కన్ను ఎప్పుడు కట్టానో మరిచిపోతానని ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. నా డైరీలకు అదే పుట్టుక. తరువాత దాంట్లోకి వాన, ఎండ, బస్సు ఆలస్యం, ఎవరింట్లో ఏం తిన్నాను అన్నీ చేరాయి. నా భార్యకు ఈ చివరి విషయం మీద ఇప్పటికీ అభ్యంతరమే.

ఆ తరువాత తోటపని శిక్షణకు వెళ్లడం, ఉద్యానశాఖలో చిన్న ఉద్యోగం దొరకడం, డిపార్టుమెంటు పరీక్షలు రాసి ఒక్కో మెట్టూ ఎక్కడం అందరి ఉద్యోగాల లాగానే జరిగాయి. మా ఊళ్లో మాత్రం నా ఉద్యోగం చాలాకాలం వేళాకోళంగానే నడిచింది. "మేకలోల్ల కొడుకును తోటలకు ఆఫీసరు చేసినారంట. ఇంగ మేకలను ఎవురికి ఆఫీసరు చేస్తారో!" అని రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లు నేను బస్సు దిగిన ప్రతిసారీ అనేవాళ్లు. మా నాయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఎవరూ లేనప్పుడు మాత్రం, "చెట్టు గూడా జీవాలు మాదిరేనా రా? మూగదే గదా, యాడ నొస్తాందో నీకెట్ల తెలుస్తాది?" అని అడిగేవాడు. ఆకు చూస్తే తెలుస్తుందని చెప్పేవాణ్ని. గొర్రెకైతే చెవి చూస్తే తెలుస్తుందని ఆయన చెప్పేవాడు.

మొదటి పోస్టింగు జమ్మలమడుగు. పెన్న ఇసుకలో దోస, కర్బూజ పాదులు పెట్టేవాళ్ల మధ్య తిరిగాను. నీళ్లు కనపడని నదిలో చేత్తో చెలమ తవ్వి, కుండతో పాదులకు పోసి, వేసవికి పళ్లు తీసేవాళ్లు. తరువాత పులివెందుల వైపు చీనీ తోటల విస్తరణకు వేశారు. ప్రొద్దుటూరు నుంచి మొక్కలను బస్సు టాపు మీద వేసుకుని ఎర్రగుంట్ల మీదుగా పోయేవాణ్ని. లారీల వెనక, సిమెంటు దుమ్ములో బస్సు కదిలీ కదలక పోయేది. దిగేసరికి మొక్కలన్నీ తెల్లగా ఉండేవి. సింహాద్రిపురం దగ్గర ఒక రైతు మొక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం సార్, ముసలి మొక్కలు తెచ్చినావు? అన్నిటికీ తల నెరిసుండాదే" అన్నాడు. నేను బకెట్లో నీళ్లు తెచ్చి ఒక్కో ఆకూ కడిగి పచ్చదనం చూపిస్తేగానీ ఆయన గుంతలో మొక్క పెట్టనివ్వలేదు. ఆ తోట ఇప్పుడు రోడ్డు మీద పోతుంటే కనిపిస్తుంది. బస్సు అక్కడికి రాగానే నేను కిటికీ వైపు జరుగుతాను.

అట్లా ఎందరి పొలాల్లోనో తోటలు పెట్టించాను. మా ఇంటి పొలంలో మాత్రం ఒక్క చీనీ చెట్టూ లేదు. మా నాయన పోయాక మందంతా మా తమ్ముడి చేతికి వచ్చింది. వాడికి మంద ఉంటే చాలు. చెట్టు సంగతెత్తితే, "నువ్వు చూసుకో చెట్లను, నేను చూసుకుంటా గొర్రెలను. ఇద్దరం ఒకే పని చేస్తే ఇంటికేం లాభం?" అనేవాడు.

రాష్ట్రం విడిపోయిన తరువాతి ఏడు ఆ మాట మారింది. మేత బీళ్లన్నీ కంచెల్లోకి పోయాయి. మా పొలంలో వేసిన బోరులో నీళ్లు పడ్డాయి. మా మరదలు పట్టుబట్టి సగం మందను అమ్మించి, డ్రిప్పు పైపులు వేయించి, చీనీ మొక్కలు పెట్టించింది. ఆ రోజు నేను సెలవు పెట్టి వెళ్లి, ప్రతి మొక్కకూ అంటు కట్టిన చోటు మన్నుకు పైన ఉందో లేదో చూసుకున్నాను. మా తమ్ముడు మొక్కలను గొర్రెపిల్లలను దించినట్టు రెండు చేతులతో పట్టుకుని గుంతల్లో దించాడు. మా ఇంటి తోట అది. నా ఉద్యోగమంతా ఇక్కడికి రావడానికే చేశానేమో అనిపించింది.

తోట బాగా పెరిగింది. నేను రిటైరై ప్రొద్దుటూరులో ఇల్లు చూసుకునే నాటికి మొదటి పెద్ద కాపుకు సిద్ధమైంది. చిక్కు అక్కడే వచ్చింది.

చీనీ చెట్టు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. రోజూ నీళ్లు పెడుతూ పోతే అది హాయిగా ఆకు వేసుకుంటూ కూర్చుంటుంది. పూయడం గురించి ఆలోచించదు. అందుకని ఏడాదికోసారి, మా వైపైతే కార్తీకం దాటాక, నీళ్లు పూర్తిగా ఆపేస్తారు. చెట్టు వాడుతుంది. ఆకులు దోనెల్లా ముడుచుకుంటాయి, కొన్ని రాలతాయి. సరిగ్గా ఆ దశ చూసి ఎరువు వేసి, మళ్లీ నీళ్లు వదిలితే తోటంతా ఒక్కసారి పూతకు వస్తుంది. పూత ఒక్కసారి వస్తేనే కాయ ఒకే సైజులో వస్తుంది, కొనేవాడు తోట మొత్తం కొంటాడు. దీన్నే తోటను వాడబెట్టడం అంటాం. నేను ఈ మాట ఎన్ని ఊళ్లలో, ఎన్ని అరుగుల మీద చెప్పానో లెక్కలేదు.

మా తమ్ముడికీ చెప్పాను. వాడు తల ఊపాడు. నేను వారానికోసారి ప్రొద్దుటూరు నుంచి వెళ్లి చూసేవాణ్ని. ఎన్ని వారాలు గడిచినా ఆకు నిగనిగలాడుతూనే ఉంది. నేల కింద ఊట ఉందేమోనని అనుమానపడి గడ్డపారతో తవ్వి చూశాను. తడి ఉంది. పైపు ఎక్కడైనా కారుతోందేమోనని తోట చివరిదాకా వంగి వంగి నడిచాను. ఎక్కడా కారడం లేదు. నా పద్ధతి ప్రకారం అన్ని కారణాలూ ఒకదాని తరువాత ఒకటి కొట్టేసుకుంటూ పోయాను. మిగిలిన కారణం నా తమ్ముడే అని మాత్రం తట్టలేదు.

ఒక రోజు మొదటి బస్సుకే వెళ్లాను. గొర్రెల తొట్టి నింపడానికి మోటారు ఆడుతోంది. అది రోజూ ఆడాల్సిందే. మా తమ్ముడు తొట్టి దగ్గర లేడు. తోటకు నీళ్లు పోయే వాల్వు దగ్గర, దాని పిడి మీద చెయ్యి వేసి కూర్చుని ఉన్నాడు. డ్రిప్పు పైపుల నుంచి చుక్కలు టపటపా రాలుతున్నాయి.

"ఏంది రా ఇది?" అన్నాను.

వాడు ఉలిక్కిపడి పిడి తిప్పేశాడు. "ఏం ల్యానా. గొంతు తడుపుతాండా, అంతే."

"ఎవరి గొంతు?"

"చెట్లవి."

"నీళ్లు ఆపమన్నాను గదరా!"

"పెట్టడం ల్యా కదనా. తడుపుతాండా." తొట్టి వైపు చెయ్యి చూపించాడు: "ఎదురుగా నీల్లు పెట్టుకోని, దప్పికైన దానికి ఇయ్యకుండా ఎట్ల పోయేది? గొర్రెలు ఆడ తాగుతాంటే ఇవి నా పక్కే చూస్తాండాయి."

అంతలో మా మరదలు సద్దిమూటతో వచ్చింది. సంగతి విని నడుం మీద చెయ్యి పెట్టుకుని మొగుణ్ని దులిపేసింది. "బావ ఉద్యోగమంతా ఇదే చేసినాడు. ఆయన మాట తలకెక్కదా నీకు? సగం మందను అమ్మి పెట్టినాం ఈ చెట్లను. గొంతు తడుపుతాడంట, గొంతు!"

మా తమ్ముడు మందను తోలుకుని పోయాడు. నేను ఆ పూట అక్కడే ఉన్నాను. రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ తిని, తోటలోని గొర్రెల కొట్టంలో మంచం మీద నడుం వాల్చాను. కన్నంటుకుందో లేదో, మళ్లీ టపటపా చప్పుడు. లేచి చూస్తే వాల్వు దగ్గర మా మరదలు.

నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత ఇద్దరం ఒకేసారి నవ్వేశాం.

"నువ్వు గూడానా తల్లీ?"

"ఆయప్ప పొద్దున తడుపుతాండాడని నాకేం తెలుసు బావా? పాపం, పొద్దుట్నుంచీ ఏమీ తాగలేదే అని నేనొగ రవ్వంత..."

అట్లా మా ఇంటి చెట్లు పొద్దున ఒకరి చేత, మధ్యాహ్నం ఒకరి చేత, ఒకరికి తెలియకుండా ఒకరి చేత నీళ్లు తాగుతూ వచ్చాయి. జిల్లాలో అంత సుఖపడిన తోట ఇంకొకటి ఉండదు.

ఆ ఏడు పూత ఇష్టమొచ్చినట్టు వచ్చింది. ఒక కొమ్మ మీద పూత, పక్క కొమ్మ మీద గోలీలంత పిందె, ఇంకో దాని మీద పండిన కాయ. పులివెందుల నుంచి తోటలు కొనే వ్యాపారి వచ్చి ఒక చెట్టు చుట్టూ తిరిగాడు. "ఏం మామా, ముత్తాత, తాత, మనవడు అందరూ ఒగ చెట్టు మీదే కాపురముండారే! నేను దేన్ని కొనాల్ల?" అని మా తమ్ముడి భుజం తట్టి వెళ్లిపోయాడు. ఊళ్లో చిల్లరగా అమ్ముకోగలిగినంత అమ్ముకున్నారు. మిగతావి చుట్టాలిళ్లకు పోయాయి. ప్రొద్దుటూరులో మా వీధి వీధంతా చీనీ రసం తాగింది.

అప్పుడు మా మరదలు నాతో నవ్వకుండా ఒక మాట చెప్పింది. "బావా, వచ్చే కాపు గూడా ఇట్లే అయితే చెట్లు కొట్టించేస్తాం. గడ్డన్నా వేస్తే ఉన్న గొర్రెలు తింటాయి. తోట మా వల్ల కాదనుకుంటాం." పక్కనే మా తమ్ముడు ఉన్నాడు. తల ఊపాడు. వాడి చెయ్యి మాత్రం పక్కనున్న చెట్టు మొదలు మీదే ఉంది.

ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ సింహాద్రిపురం తోట గురించి కాదు, ఈ తోట గురించే ఆలోచించాను. తరువాతి కార్తీకం దాకా నాకు అదే ధ్యాస.

నీళ్లు ఆపే కాలం దగ్గరపడ్డాక వెళ్లి మా తమ్ముణ్ని గట్టు మీద కూర్చోబెట్టుకున్నాను. సారు లాగా కాకుండా అన్న లాగా చెప్పాలని ముందే అనుకున్నాను.

"రేయ్, మన నాయన పొట్టేళ్లను కొన్నాళ్లు మందలో కలవనీకుండా వేరుగా కట్టేసేవాడు గదా, ఏంటికి?"

"పిల్లలన్నీ ఒక్కసారే పుట్టల్లని. వానలు పడి గడ్డొచ్చే టయానికి పుడితే తల్లికి పాలుంటాయి. ఎప్పుడంటే అప్పుడు పుడితే సగం నిలబడవు. అది గూడా తెలీదా నాకు?"

"చెట్టు గూడా అంతే రా. అన్నీ ఒక్కసారి పూయాలంటే కొన్నాళ్లు ఆపాలి."

వాడు గడ్డిపోచ ఒకటి తెంపి నమిలాడు. నా మాట నాటుకుందనే అనుకున్నాను.

"అవునుగానీ అన్నా, నాయన పొట్టేలును కట్టేసినాడు గానీ దానికి నీల్లు పెట్టకుండా ఉన్న్యాడా?"

 వాడే నవ్వి, "నువ్వు చెప్పింది తెలుస్తాందిలే. తలకు తెలుస్తాంది. ఈ చేతికి తెలీదు" అని తన కుడి చెయ్యి ముందుకు చాపి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "నేనీడుంటే ఆగను. మందను తోలుకోని జమ్మలమడుగు పక్క కోసిన చేలల్లో మంద కట్టుకుంటా. నువ్వొచ్చి ఈడుండు."

మంద కట్టడమంటే కోత అయిపోయిన చేనులో రాత్రిళ్లు గొర్రెలను నిలిపి, వాటి ఎరువును చేనికి ఇవ్వడం. మా ఇంట్లో తరతరాలుగా ఉన్న పనే. అట్లా మేం స్థలాలు మార్చుకున్నాం. గొర్రెలవాడు గొర్రెలతో పోయాడు, తోటలవాణ్ని తోటలో వదిలాడు. వాడు పోయే ముందు మా మరదలు, ఇంటి దగ్గర మిగిలిన గొర్రెపిల్లలకు ఊళ్లోని ఇంకో మోటారు నుంచి నీళ్లు చూసుకుంటానని చెప్పి, తోట వాల్వు పిడిని విప్పించి నా చేతిలో పెట్టింది.

"నేనడిగినా ఇయ్యొద్దు బావా. ఏడ్సినా ఇయ్యొద్దు."

పిడిని చేతిసంచిలో డైరీ కింద పెట్టుకుని కొట్టంలో మకాం వేశాను. నా భార్య ఫోనులో, "ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గెస్ట్ హౌసుల్లో ఉన్నావు, రిటైరయ్యాక గొర్రెల కొట్టానికి ప్రమోషను వచ్చిందా?" అంది.

మొదట ఏమీ కాలేదు. తరువాత మధ్యాహ్నాలు ఆకులు కొంచెం వాలి, సాయంత్రానికి తేరుకునేవి. ఆ తరువాత సాయంత్రానికి కూడా తేరుకోవడం మానేశాయి. మా తమ్ముడు రోజూ ఫోను చేసేవాడు.

"ఎట్లుండాయినా?"

"బాగున్నాయి."

"బాగుండాయంటే? వాడినాయా?"

"వాడాయి."

అవతల గొర్రెలు అరిచేవి. తరువాత, "శానా వాడినాయా?"

"కావలసినంతే వాడాయి. ఫోను పెట్టు."

మా మరదలు అన్నం తెచ్చేటప్పుడు తోట వైపున్న చెంపకు కొంగు అడ్డం పెట్టుకుని గట్టు మీద నడిచేది. పెట్టి, గిన్నెలు తీసుకుని, మళ్లీ అట్లాగే పోయేది. నేను నవ్వేవాణ్ని. కానీ ఒక మధ్యాహ్నం నవ్వు ఆగింది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను జీపులో వచ్చి, ఆకు పట్టి చూసి, ఇంకా కొన్నాళ్లు ఆపండి అని చెప్పి, టీ తాగి, సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ని. ఆ కొన్నాళ్లూ తోటలో ఎట్లా గడుస్తాయో చూసే పని నాకు పడలేదు. ఇప్పుడు మంచం మీద కూర్చుంటే కొట్టం పక్కనున్న చెట్టు నా కంటికి ఎదురుగా ఉంది. ఆకులన్నీ ముడుచుకుని, వెన్ను నాకు చూపిస్తూ నిలబడింది. గాలికి ఎండిన చప్పుడు చేసింది. తొట్టిలో నీళ్లున్నాయి. చెంబు అందే దూరంలో ఉంది. నాకు తెలియకుండానే నా చెయ్యి చేతిసంచి మీదికి పోయింది. పిడి చల్లగా తగిలింది.

లేచి తోట చివరిదాకా నడిచి, కంచె ముట్టుకుని, తిరిగి వచ్చాను. ఆ రోజు తమ్ముడి ఫోను వచ్చినప్పుడు నేను, "శానా వాడినాయి రా" అన్నాను. నాతో మాట్లాడే వాడి గొంతు ఆ రోజు నుంచి కొంచెం మెత్తబడింది.

ఇంకొద్ది రోజుల్లో నీళ్లు వదలాల్సి ఉందనగా ఆకాశం మబ్బేసింది. ఎక్కడో సముద్రంలో వాయుగుండమని రేడియోలో చెప్పారు. ఇప్పుడు వాన పడితే అంతవరకూ ఆపిందంతా వృథా. పూత సగం ముందుగా, సగం వెనకగా వస్తుంది. కిందటేడు కథే మళ్లీ. ఆ తరువాత గొడ్డలి.

మా తమ్ముడు ఫోను చేశాడు. గొంతులో పండగ ఉంది. "అన్నా, ఈడ చినుకులు పడతాండాయి! నీ పక్కే వస్తాండాది మబ్బు!"

"దాన్ని అటే ఆపరా!" అని అరిచాను.

మా మరదలు అన్నం తెచ్చి ఆకాశం వైపు రెండు చేతులూ జోడించింది. అలవాటు అది. మా సీమలో మబ్బు కనపడితే చేతులు వాటంతట అవే కలుస్తాయి. నన్ను చూసి టక్కున విడదీసింది. నేను కొట్టం ముందు నిలబడి, పుట్టి బుద్ధెరిగిన తరువాత మొదటిసారి, వాన వద్దని మనసులో మొక్కుకుంటున్నాను. మా నాయన ఉంటే ఆ మాటకే ఇంట్లోంచి వెళ్లగొట్టేవాడు.

"ఈ సీమలో వాన వద్దని మొక్కినోన్ని నిన్నే చూసినా బావా" అంది మా మరదలు.

"గట్టిగా అనకమ్మా, ఊళ్లో వింటే కొడతారు."

మబ్బు మా మీదికి వచ్చింది. చల్లగాలి వీచింది. నా చేతి మీద ఒక చినుకు పడింది. మా మరదలు నా ముఖం చూసి, ఈసారి ఏం కోరుకోవాలో తెలియక కళ్లు మూసుకుంది. మబ్బు అట్లాగే నల్లగా, నిండుగా కొండల వైపు జరిగి, పులివెందుల దాటి ఎక్కడో కురిసింది. మా నేల మీద చినుకులు పడిన మచ్చలు నేను చూస్తుండగానే ఆరిపోయాయి. ఇద్దరం అరుగు మీద కూర్చుని అన్నం తిన్నాం. నేను రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

నీళ్లు వదిలే రోజున రమ్మని చెబితే మా తమ్ముడు ముందు రోజే మందతో దిగాడు. తోటలో గొర్రెలను నిలిపి ఎరువు ఇచ్చాడు. మేకలు మాత్రం కంచె అవతల కట్టేసి కనిపించాయి. "నీ ఉద్యోగం యాడ మొదలైందో మరిసిపోతానా" అన్నాడు.

పొద్దున పిడి తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని పంచెతో తుడిచి, వాల్వుకు బిగించి, తిప్పి, కొట్టం పక్కనున్న చెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నాడు. చుక్క పడటం, మన్ను దాన్ని పీల్చుకోవడం, మళ్లీ చుక్క.

"తాగుతాండాదినా" అన్నాడు చాలా నెమ్మదిగా. నేను పక్కన కూర్చున్నాను. మా మరదలు కొంగు దించి, ఎన్నాళ్ల తరువాతో తోటను నేరుగా చూసింది.

మొదట ఆకులు విచ్చుకున్నాయి. తరువాత కొమ్మ కొమ్మకూ సన్నటి తెల్లటి మొగ్గలు. ఒక రోజు ఊళ్లో బస్సు దిగగానే, తోట ఇంకా కనిపించకముందే, వాసన వచ్చింది. రచ్చకట్ట మీది ముసలివాళ్లు ముక్కులు ఎగబీల్చి, "మేకలోల్ల తోటనా ఇది?" అని అడిగారు. వేళాకోళంలోని మాటే అది, ఈసారి మాత్రం నిజంగా తెలుసుకోవడానికే అడిగారు. తోటలో ఒక చెట్టు ముందూ లేదు, ఒకటి వెనకా లేదు. తేనెటీగల హోరుకు మాట వినపడలేదు.

కాయ నిండాక ఆ పులివెందుల వ్యాపారే మళ్లీ వచ్చాడు. ఒక చెట్టు చూశాడు, ఇంకొకటి చూశాడు, తోట చివరిదాకా పోయి వచ్చాడు. "ఈసారి అంతా ఒగే ఈడు పిల్లోల్లు కదప్పా! బడి పెట్టుకోవచ్చు" అన్నాడు. తోట మొత్తం మాట్లాడుకున్నాడు. ఆ సాయంత్రం మా మరదలు గొడ్డలిని కొట్టం చూరులో నుంచి తీసి, కట్టెలు కొట్టుకోవడానికి ఇంటికి తీసుకుపోయింది. చెట్లు కొట్టే మాట అంతటితో పోయింది.

ఇది జరిగి కొన్నేళ్లైంది. వాల్వు పిడి ఇప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంట్లో క్యాలెండరు పక్కన మేకుకు వేలాడుతుంటుంది. నీళ్లు ఆపిన రోజు మొదలు, వదిలే రోజు దాకా అది నా దగ్గరే ఉండాలని మా మరదలి ఉత్తరువు. రిటైరయ్యాక నాకు దొరికిన పోస్టు ఇది. ఏటా కొన్నాళ్లు కొట్టంలో కూర్చుని, నీళ్లున్నా ఇవ్వకుండా ఉండటం. ఇంతకంటే కష్టమైన పని సర్వీసులో నేను చేయలేదు. చెంబును మంచానికి దూరంగా పెట్టుకోవడం మాత్రం నేర్చుకున్నాను.

నిన్న తమ్ముడు ఫోను చేశాడు. వెనక గొర్రెల మెడల్లో గంటలు వినపడుతున్నాయి.

"అన్నా, నేను బైలుదేరుతాండా. నువ్వెప్పుడొస్తావు?"

"పొద్దున బస్సుకు వస్తాను."

"సరే. కొట్టం పక్కనుండే చెట్టుకు మాత్రం..."

"రేయ్."

"ఏం ల్యా. పలకరించమంటాండా, అంతే."